రెండు రాత్రుల గట్టు

చిటచిటమని ఒక సన్నని చప్పుడు. ఎండుటాకుల మీద తొలి చినుకులు పడుతున్నప్పుడు వినిపించేలాంటిది. కానీ వాన లేదు. చప్పుడు ఆగింది, ఒక ఊపిరి పీల్చుకున్నంతసేపు ఆగి, మళ్లీ మొదలయింది. పార్కు వెనుకవైపు, ఎరువు గుంటలకు అడ్డంగా కట్టిన పొట్టిగోడ మలుపు తిరగకముందే ఆమె దాన్ని విన్నది. విని, తిరగాలా వద్దా అని నిలబడింది.

తిరిగింది. గోడకు ఆనించి ఏడు నల్ల సంచులు. శనివారం సాయంత్రం తన చేతులతో తానే నింపి, మూతులు మెలిపెట్టి, పురికొసతో బిగించి కట్టినవి. ఇది సోమవారం. నిన్నంతా కాసిన ఎండ ఈ ఉదయం మళ్లీ వచ్చి ఒక్కొక్క సంచినీ ఆక్రమించుకుంటోంది. చప్పుడు గోడ నీడలో మిగిలిన రెండింటిలో నుంచి వస్తోంది. ఎండలో ఉన్న అయిదూ ఏమీ అనడం లేదు.

ముడి విప్పడానికి వేళ్లు సహకరించలేదు, పళ్లతో లాగింది. వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. లోపల, వాడిన నాచు మధ్య, గోధుమరంగు పురుగులు. వేలిగోరంత పొడవు, ఆరేసి కాళ్లు. ఒంటిని విల్లులా వంచి విదిలించుకుంటున్నాయి. ఒక్కొక్క విదిలింపుకూ ఒక చిటుక్కు.

ఆ పురుగులను ఆమె ఎరుగును. వాటి బొమ్మ తానే గీసి జట్టు గది గోడకు అంటించింది. తూనీగ పిల్లలు. రెక్కలు వచ్చేదాకా నెలల తరబడి నీళ్లలోనే ఉంటాయి. నీళ్లలో ఉన్నన్నాళ్లూ దోమ లార్వాలను తిని బతుకుతాయి. కొలనులో దోమ పెరగకుండా కాపలా కాసేవి ఇవే.

దోసిలి నిండా తీసుకుని పరుగెత్తింది. గోడ నుంచి నీటి అంచుకు అరవై అడుగులు. వదిలింది. కొన్ని ఈదాయి. కొన్ని తేలాయి. మళ్లీ పరుగెత్తింది. ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకు తెలియదు కానీ ఈదినవెన్నో తెలుసు: నలభై ఒకటి. లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. తేలినవాటిని మాత్రం లెక్కపెట్టలేదు.

మిగిలిన అయిదు సంచులు ఎరువు గుంటలోకి దులిపింది. చూడకుండా దులిపింది. పైన ఎండుటాకులు కప్పింది. కుళాయి దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంది, వాసన చూసుకుంది, మళ్లీ కడుక్కుంది.

ఆ కొలను జట్టులో పదకొండు మంది పిల్లలు. పదమూడేళ్లవాళ్ల నుంచి పదిహేడేళ్లవాళ్ల దాకా. కాలేజీలో ముప్ఫయ్యేళ్లు జంతుశాస్త్రం చెప్పి విరమించిన మేడమ్ ఒకావిడ, సెలవుల్లో వీళ్లను పోగుచేసి, పార్కు మూలనున్న ఆ చిన్న కొలనును వాళ్ల చేతుల్లో పెట్టారు. ఏ ఆకు ఎప్పుడు రాలింది, ఏ పిట్ట ఎక్కడ గూడు కట్టింది, ఎన్ని బుట్టల నాచు తీశారు, అన్నీ రాసిపెట్టడానికి ఒక రిజిస్టరు ఇచ్చారు. నాచు తీసే పద్ధతి మొదటిరోజే చెప్పారు.

"నాచు తీయడమంటే చెత్త తీయడం కాదర్రా. కాపురాలు ఖాళీ చేయించడం. ఇల్లు ఖాళీ చేయమన్నవాళ్లు గడువివ్వాలా వద్దా? మనమిచ్చే గడువు రెండు రాత్రులు. తీసిన నాచు నీటి అంచునే గట్టు మీద పరచండి. లోపలున్నవాళ్లు మూటాముల్లె సర్దుకుని మెల్లగా నీళ్లలోకి దిగిపోతారు. మూడోరోజు పొద్దున అది ఎరువు గుంటలోకి. ఈలోపు ఎవరు ముట్టుకున్నా ఊరుకోను."

కాబట్టి నాచు తీసిన ప్రతిసారీ గట్టుకు ఒక కాపలా. నాచును ఎవరూ కదపకుండా, కుక్కలు లాగకుండా, చీకటి పడేదాకా ఒకరు ఉండాలి. ఆ శనివారం ఆమె వంతు. తోటమాలి కాలికి దెబ్బ తగిలి సెలవులో ఉన్నాడు. మేడమ్ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారు. పిల్లలు ఒక్కరొక్కరే ఇళ్లకు జారుకున్నారు. అప్పుడు వచ్చాడు వాకర్ల సంఘం పెద్దాయన, తెల్లబూట్లతో.

"ఏమ్మాయ్! ఏంటిది?"

"నాచండీ."

"నాచని నాకూ కనపడుతోందిలే. నడిచేదారి పక్కన ఎందుకు పోశారని. ఈ కంపేంటి, ఈ బురదేంటి?"

ఆమె దగ్గర జవాబుంది. మేడమ్ మాటలు మాటకు మాటగా కంఠతా వచ్చు. కానీ ఆ మాటలు గొంతు దాకా వచ్చి, గడప దగ్గర చెప్పులు వెతుక్కునే మనిషిలా, అక్కడే తచ్చాడాయి.

"అదీ... అండీ..."

"అండీ గిండీ కాదు. జారిపడితే నా తుంటెముక నువ్వు అతికిస్తావా? సంచులు అవిగో అక్కడే ఉన్నాయి కదా. కట్టి అవతల పడెయ్యి. చూస్తే బుద్ధిమంతురాలిలా ఉన్నావ్."

నోట్లో నాలుక లేని పిల్లను బుద్ధిమంతురాలనడం లోకానికి అలవాటే. ఆ మాట పడ్డాక ఇక కాదనడం ఆమె వల్ల కాలేదు. ఆయన చేతులు వెనక్కు కట్టుకుని నిలబడి చూస్తుండగా ఏడు సంచులు కట్టింది. "శభాష్" అన్నాడు. పొద్దున్నే వచ్చి మళ్లీ పరిచేద్దామనుకుంది. మర్నాడు పొద్దున అమ్మ కుట్టుపని బట్టలు ఇచ్చిరమ్మని ఊరి ఆ చివరకు పంపింది. ఆదివారం అలా గడిచింది.

"ఏంటే రైటరమ్మా, చేతులు అరిగిపోతాయే తల్లీ!"

కుళాయి దగ్గర ఆమె ఉలిక్కిపడింది. వచ్చింది రేడియో. జట్టులో అందరికంటే పొడుగు, అందరికంటే వాగుడు. ఆ పేరు అందుకే. రిజిస్టరు రాసేది ఆమె కాబట్టి, పోలీసు స్టేషన్లో రాసేవాణ్ణి పిలిచినట్టు ఆమెకు రైటరమ్మ అని పేరు పెట్టింది కూడా రేడియోనే.

"గట్టు మీద నాచేది? అప్పుడే ఎత్తేశావా?"

"ఎత్తేశాను."

"ఒక్కదానివేనా? పిలిస్తే వచ్చేదాన్ని కదే. సరే రా, ముందు రిజిస్టరు తియ్యి. మళ్లీ మేడమ్ వచ్చారంటే నీ నల్ల సిరాకి కూడా చెమట పడుతుంది."

జట్టు గదిలో రిజిస్టరు తెరిచింది. నిలువు గీతల మధ్య గడులు: తేదీ. తీసిన నాచు, బుట్టల్లో. గట్టున ఉంచిన రాత్రులు. రేడియో భుజం మీద నుంచి వంగి చూస్తోంది. రేడియో వెంట్రుకలు ఆమె చెంపకు తగులుతున్నాయి. సున్నా అని రాయాలి. సున్నా గీయడానికి చెయ్యి గుండ్రంగా తిరగాలి. తిరగలేదు.

2 అని రాసింది.

అంతకుముందు వారాల్లో రాసిన రెండ్లలాగే ఉందది. ఎవరూ తేడా చెప్పలేరు. ఆమె తప్ప.

ప్రతి గురువారం దోమ లార్వాల లెక్క. పొడుగుకాడ తెల్ల గరిటె నీళ్లలో ముంచి తీస్తే, ఆ తెలుపు మీద లార్వాలు నల్లని కొక్కేల్లా మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. ఎనిమిది చోట్ల ఎనిమిది గరిటెలు, సగటు రిజిస్టరులోకి. ఆ వేసవి అంతా సగటు మూడు దాటలేదు. నాచు తీసిన మొదటి వారం నాలుగు. రెండో వారం ఏడు. మూడో వారం పదకొండు.

అంకె పెరిగిన కొద్దీ ఆమె అన్నం తగ్గింది. నిద్రలో లెక్కలు. మెలకువలో చప్పుళ్లు: బస్సులో పక్క సీటాయన కాగితం నలిపినా, అమ్మ మిషను దగ్గర దారం తెంపినా, చిటుక్కుమన్న ప్రతిదానికీ మెడ తిరిగేది.

"తూనీగ పిల్లలేమయ్యాయి?" అన్నారు మేడమ్ ఆ మూడో గురువారం, గరిటెలోకి చూస్తూ. "వల వేస్తే పది పన్నెండు పడేవి. రెండు పడుతున్నాయి. పక్షి ఏదైనా వచ్చిందా? ఎవరైనా మందు చల్లారా? ఆలోచించండర్రా."

పదకొండు మంది ఆలోచించారు. పది మంది ఆలోచించారు, ఒకరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. రేడియో కప్పలన్నది. ఇంకొకడు గాలిలో వేడి అన్నాడు. మేడమ్ ఒక్కొక్క ఊహనూ తీసుకుని, తిప్పి చూసి, కాదని పక్కన పెట్టారు. చివరకు రిజిస్టరు మీద చెయ్యి వేశారు.

"మన పద్ధతిలో తేడా లేదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను. రాసింది ఈ పిల్ల."

మందలించినా భరించేదే. ఆ మాట భరించలేకపోయింది.

ఆ సాయంత్రమే తెలిసింది అర్జీ సంగతి. అమ్మ ముందుగదిలో మిషను మీద ఉంది. కిటికీకి దోమతెర; తలుపుకు దోమతెర; తమ్ముడి మంచానికి నాలుగు వైపులా దోమతెర. అన్నీ అమ్మ కుట్టినవే. నిరుడు చిన్నోడికి జ్వరం పదకొండు రోజులు ఉంది. ఆ పదకొండు రోజులూ మిషను చప్పుడు ఆగలేదు. వాడు మూలిగినప్పుడల్లా అమ్మ ఇంకో తెర కుట్టింది.

"ఆ గుంట పూడ్చమని అర్జీ పెట్టారు. నేనూ సంతకం పెట్టాను," అన్నది అమ్మ, తల ఎత్తకుండా.

"అమ్మా, అది గుంట కాదు, కొలను."

"పేరు మారిస్తే దోమ కుట్టడం మానేస్తుందా?"

"తూనీగలు తింటాయమ్మా దోమల్ని."

"తింటే మంచిదే. తినమను. అరవై మంది సంతకాలు పెట్టారు, మీ తూనీగలు తింటున్నట్టయితే ఇంతమందికి ఎందుకు కుడుతున్నాయి?" సూది కింద బట్ట తిప్పింది. "నీకు ఆ గట్టు కావాలి. నాకు వీడు కావాలి. నా మీద కోపం పెట్టుకోకు."

ఆమెకు కోపం రాలేదు. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కతే. ఆ ఒక్కతీ గోడకు ఆనుకుని చేతిగోళ్లు కొరుక్కుంటోంది.

వచ్చే శనివారం ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి కొలుస్తాడు. గరిటెకు పది దాటితే పూడ్చివేత. మిగిలింది ఎనిమిది రోజులు.

మర్నాటి నుంచి ఆమె తెల్లవారగానే పార్కుకు వెళ్లింది. ఇంట్లో వంటగదిలోని టీ వడకట్టు చేతిలో. గట్టు మీద మోకాళ్లూని, అంచుల్లో నీళ్లు కదలని చోట్ల వడకట్టు ముంచి, లార్వాలను ఎత్తి, పొడినేల మీద దులిపేది. మొదటి ఉదయం గంటలో రెండువందల పదహారు. రెండో ఉదయం రెండువందల తొంభై. ఎన్ని ఎత్తితే అన్ని ఉన్నాయి. దోమ ఒక్క పూటలో పెట్టే గుడ్లెన్నో రిజిస్టరు చివరిపేజీలో తన దస్తూరీతోనే రాసి ఉంది.

"ఏంటి పాపా, కొలనుకి టీ వడకడుతున్నావా?"

తోటమాలి. కాలికింకా కట్టు ఉంది. చీపురుకర్రను చేతికర్ర చేసుకుని నిలబడ్డాడు.

"ఊరికే, బాబాయ్."

"ఊరికే ఎవరైనా పొద్దున్నే మోకాళ్ల మీద ఉంటారా? నేనయితే కాలు బాగున్న రోజుల్లో కూడా ఉండలేదు." నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను దగ్గరికి వచ్చి నెమ్మదిగా కూర్చున్నాడు. "ఏమయింది తల్లీ? ముఖం అలా పీక్కుపోయిందేంటి?"

చెప్పేయవచ్చు. ఇతను మేడమ్ కాదు, అమ్మ కాదు. చెబితే తిట్టడు. ఆమె నోరు తెరిచింది.

"బాబాయ్, ఒకవేళ... నాచు..."

"నాచంటే గుర్తొచ్చింది, ఆ రోజు గనక నేనుంటే మీకా మోత బాధ ఉండేదా? ఏడు బుట్టలు! నా ఖర్మ కాలి మెట్టు మీద కాలు పెట్టాను గానీ... ఆ మెట్టుందే, కుళాయి పక్కది, దాన్ని బాగు చేయించమని రెండేళ్ల నుంచి మొత్తుకుంటున్నా..."

మెట్టు కథ మెట్టు నుంచి డాక్టరుకు, డాక్టరు నుంచి మాత్రలకు, మాత్రల నుంచి మళ్లీ మెట్టుకు వచ్చింది. అది ముగిసేసరికి ఆమె నోరు మూసుకుపోయింది.

శనివారం. కొలను చుట్టూ ఎన్నడూ లేనంత మంది. ఒకవైపు పదకొండు మంది పిల్లలు, మేడమ్, కట్టుకాలితో తోటమాలి. రెండోవైపు అర్జీదారులు, ముందు వరసలో వాకర్ల సంఘం పెద్దాయన. వెనుక వరసలో, చిన్నోణ్ణి చంకనెత్తుకుని, అమ్మ. ఆరేళ్లవాణ్ణి ఇంకా చంకనెత్తుకోవడం అమ్మకు ఆ జ్వరం తర్వాత వచ్చిన అలవాటు. మధ్యలో ఇన్‌స్పెక్టరు. ఎండకు కమిలిన ముఖం, జేబులో నాలుగు పెన్నులు, చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన ఫారం. కేకలు వేసే మనిషి కాదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

గరిటె ఆయనే ముంచాడు. అంకె రేడియో పలికింది. ఆమె రాసింది.

"పన్నెండు!"

"తొమ్మిది!" పిల్లల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు.

"పదిహేడు."

"పద్నాలుగు." రేడియో గొంతు ప్రతి అంకెకూ కొంచెం కొంచెం దిగింది. "పదకొండు. పదహారు. పదమూడు." ఎనిమిదోది రేడియో చెప్పలేదు, వేళ్లు చూపింది. పన్నెండు.

నూట నాలుగు. సగటు పదమూడు. అయిదు సార్లు కూడి చూసింది. అయిదుసార్లూ అంతే.

"మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, "నిరుటి లెక్కలు చూశాను. రెండు, మూడు, రెండు. ఇంత శుభ్రమైన కొలను నా పరిధిలో ఇంకోటి లేదు. పూడ్చమని రాయడం నాకూ ఇష్టం లేదు. ఈ నెలలో ఏం మారిందో చెప్పండి. కారణం ఉంటే రాసుకుంటాను."

"ఏమీ మారలేదు," అన్నారు మేడమ్. రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టారు. "చూడండి. నాచు తీసిన రోజు. ఏడు బుట్టలు. గట్టున రెండు రాత్రులు. మందులు లేవు, చేపలు వదల్లేదు. అన్నీ పద్ధతి ప్రకారం."

"రాసింది నమ్మవచ్చా?"

"నన్ను నమ్మకపోయినా ఆ దస్తూరీని నమ్మండి."

ఇన్‌స్పెక్టరు పేజీలు తిప్పాడు. ఓపికగా చూశాడు. "అయితే మీ వైపు తప్పు లేదు. తప్పు లేకుండానే దోమ పెరిగింది. అంటే తేడా కొలనులోనే ఉంది. అవునా?"

మేడమ్ కళ్లజోడు తీశారు. తుడిచారు. పెట్టుకోలేదు. "నేనిన్నాళ్లూ పిల్లలకు చెప్పిందొకటే. లెక్క ఏం చెబితే అది ఒప్పుకోవాలి, మనకు నచ్చినా నచ్చకపోయినా." ఫారం వైపు చెయ్యి చాపారు. "లెక్క అలా చెబుతుంటే, అవును అనుకోవాలి. ఎక్కడ సంతకం?"

"ఇక్కడండీ, పూడ్చివేతకు ఒప్పుకున్నట్టు."

ఇన్‌స్పెక్టరు జేబులోంచి ఒక పెన్ను తీసిచ్చాడు. మేడమ్ మూత తీశారు.

"రెండు కాదు," అన్నది ఆమె.

ఎవరికీ వినిపించలేదు. వాకర్ల పెద్దాయన పక్కవాళ్లతో బెంచీలు ఎక్కడెక్కడ వేయించాలో చెబుతున్నాడు. చిన్నోడు నీళ్లు కావాలని ఏడుస్తున్నాడు. పెన్ను కాగితం మీద ఆనింది.

"మేడమ్, రెండు కాదు."

"ఆగండాగండి!" రేడియో. "అందరూ కాసేపు నోళ్లు కట్టేయండి. మా రైటరమ్మ మాట్లాడుతోంది." ఆ మాట అని తానూ నోరు కట్టేసింది; పుట్టి బుద్ధెరిగిన తర్వాత బహుశా మొదటిసారి.

నిశ్శబ్దం ఆమె మీదికి వచ్చి నిలబడింది. ఇన్ని కళ్లు. కళ్లు మూసుకుంది, మూసుకుంటే సంచి కనిపించింది, తెరిచింది.

"గట్టు మీద రెండు రాత్రులు లేదు మేడమ్. ఒక్క రాత్రి కూడా లేదు. ఆ సాయంత్రమే సంచుల్లో కట్టేశాను... కట్టేశారు. సోమవారం దాకా ఎండలోనే ఉన్నాయి. ఏడింట్లో అయిదు సంచుల్లో ఒక్కటి కూడా... కొలనులో తేడా లేదు. రిజిస్టరులో ఉంది తేడా."

మేడమ్ కళ్లజోడు లేని కళ్లు ఆమెవైపు తిరిగాయి, అంత దూరంలో ముఖం ఆనకపోయినా. పెన్నుకు మూత పెట్టారు. ఆ చిన్న చప్పుడు గట్టంతా వినిపించింది.

"కట్టింది ఎవరమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వాకర్ల పెద్దాయన తన బూట్లవైపు చూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "దారికి అడ్డమని తీయమన్నాను గానీ, నాకేం తెలుసు అందులో ఏముందో," అన్నాడు, ఎవరూ అడగకుండానే.

ఇన్‌స్పెక్టరు ఆయనవైపు చూడలేదు. ఫారం తిప్పి ఆమెకు కనిపించేలా పట్టుకున్నాడు. "చూడమ్మా. ఇక్కడ రెండు గడులున్నాయి. కారణం, బాధ్యులు. రెండూ నిండితే నలభై రోజుల గడువిచ్చే అధికారం నాకుంది. ఆలోపు తూనీగలు మళ్లీ గుడ్లు పెడితే పెడతాయి, లెక్క తగ్గితే తగ్గుతుంది. నేను హామీ ఇవ్వను. ఒక్క గడి ఖాళీగా ఉన్నా పైవాళ్లు ఒప్పుకోరు, పిల్లల్ని చూసి మేడమ్ కల్పించిన కథ అంటారు. ఇంకో మాట కూడా ముందే చెబుతున్నాను. ఈ కాగితం నకలు గేటు దగ్గర బోర్డు మీద ఉంటుంది. గడువు తీరేదాకా. అందరూ చదువుతారు."

"సార్, సార్!" అమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. చంకలో చిన్నోడు. "చిన్నపిల్ల సార్, ఏదో భయపడి వాగుతోంది. దాని పేరెందుకు సార్ బోర్డు మీద? మీ తోటాయన పేరు రాసుకోండి. పెద్దవాడు, ఆయనకేమవుతుంది?"

"బాగుందమ్మా!" అన్నాడు తోటమాలి. "కాలు పోయింది చాలదా, పేరు కూడా పోవాలా? ఆ వారమంతా నేను మంచం మీదున్నాను. కావాలంటే డాక్టరు చీటీ తెస్తాను."

ఎవరో నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, చెవిలో, పళ్ల మధ్య నుంచి అన్నది: "నోరుమూసుకోవే. ఈ వీధిలో మనం బతకాలి. ఆ గుంట ఉంటే నీకేంటి, పోతే నీకేంటి? రేపు ఇంకో పిల్లాడికి జ్వరమొస్తే ఆ బోర్డు ముందు నిలబడి నిన్నే అంటారు. తెలుస్తోందా?"

తెలుస్తోంది. అమ్మ చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. జ్వరమొస్తే తననే అంటారు. అనవలసిందే, ఈ పదమూళ్లూ పదహార్లూ తన చేతి పనే. చిన్నోడు అమ్మ భుజం మీద నుంచి ఆమెవైపు చెయ్యి చాపాడు. వాడి మోచేతి మీద ఎర్రగా ఒక దోమకాటు. ఆమె దాన్ని చూసింది. వేలితో ఒకసారి తడిమింది.

"నేను చేసిందే అమ్మా," అన్నది. "నేను కట్టకపోయుంటే ఇన్ని ఉండేవి కాదు."

అమ్మ పట్టు వదల్లేదు. ఆమే వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించుకుని, రెండడుగులు ముందుకు నడిచింది. నీటి అంచు చెప్పులకు తగిలింది.

ఇన్‌స్పెక్టరు మొదటి గడి నింపుతున్నాడు. ఆయన రాత నెమ్మది. నాచు, గడువు, సంచులు, ఎండ: ఒక్కొక్క మాటా పూర్తయ్యేదాకా అందరూ పెన్ను కొసనే చూశారు. రెండో గడి మీదికి పెన్ను జరిగింది.

"బాధ్యులు," అన్నాడు. "పేరు?"

ఆమె నోరు తెరిచింది.

"రైటరమ్మ అంటాం సార్," అన్నది రేడియో, ఉండబట్టలేక, దాదాపు ఏడుస్తూ. "మేమంతా అలాగే పిలుస్తాం. అదే రాసేసుకోండి సార్. బోర్డు మీద అది చదివితే ఎవరికీ తెలియదు కూడా."

ఇన్‌స్పెక్టరు తల ఎత్తాడు. ఆయన కళ్లలో జాలి ఉంది. పెన్ను మాత్రం కదల్లేదు. "అది చెల్లదమ్మా. నీ నోటితో నువ్వు చెప్పాలి. పూర్తి పేరు."

మేడమ్ కళ్లజోడు పెట్టుకున్నారు. అమ్మ చిన్నోడి తల తన మెడకు అదుముకుంది. వాకర్లు, అర్జీదారులు, పదిమంది పిల్లలు, అందరూ ఆగారు. ఆమె ఊపిరి తీసుకుంది, నిండుగా, పక్కటెముకలు నొప్పి పెట్టేంతగా. ఇంటిపేరుతో మొదలుపెట్టి, ఒక్క అక్షరమూ మింగకుండా, అవతలి గట్టు మీదున్నవాళ్లకు కూడా వినపడేలా, తన పేరు చెప్పింది.